గ్యాస్ పొయ్యి చెడితే మనమే విప్పాలా, మెకానిక్‌ను పిలవాలా?

నిన్నటి వరకు నీలంగా మండిన మంట ఒక రోజు పసుపెక్కి గిన్నెల అడుగులకు మసి పట్టిస్తుంది. లేదా నాబ్ బిగుసుకుపోయి రెండు చేతులతో తిప్పితే గాని కదలదు. అప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు పానా, స్క్రూడ్రైవర్ తెచ్చి పొయ్యిని బోర్లించడానికి సిద్ధపడతారు, మరొకరు మెకానిక్‌ను పిలుద్దామంటారు. ఈ ఇద్దరిలో ఎవరి మాట వినాలన్నది చెడిన భాగాన్ని బట్టి ఉంటుంది. పని ఎంత సులువుగా కనిపిస్తున్నదన్నదానిని బట్టి నిర్ణయించుకోవడం మాత్రం గ్యాస్ విషయంలో చాలా పెద్ద పొరపాటు. పొయ్యిలో అత్యంత ప్రమాదకరమైన మరమ్మతులు కొన్ని రెండు స్క్రూలు విప్పితే చేతికి వచ్చేంత సులువుగా ఉంటాయి. ఏ ప్రమాదమూ లేని బర్నర్ శుభ్రతకేమో గంటసేపు ఓపికగా తోమవలసి వస్తుంది.

నేను పాటించే గీటురాయి ఒక్కటే. గ్యాస్ బండలో నుంచి బయలుదేరిన గ్యాస్ రెగ్యులేటర్, పైపు, పొయ్యి లోపలి ఇనుప గొట్టం, నాబ్ కింద గ్యాస్‌ను తెరిచి మూసే కాక్‌ల గుండా బయటి గాలి సోకకుండా వచ్చి, జెట్ అనే చిన్న ఇత్తడి ముక్కలోని సన్నని రంధ్రం గుండా బయటపడుతుంది. జెట్ దాటిన తరువాత అది గాలితో కలిసి, బర్నర్ గొట్టంలోకి వెళ్ళి, బర్నర్ మూత రంధ్రాల దగ్గర మండుతుంది. జెట్‌కు అవతల ఉన్న బర్నర్, మూత, గొట్టం, గిన్నె నిలిపే స్టాండు, కింది పళ్ళెం మన చేతి పనులు, ఎందుకంటే పొయ్యి కట్టేసి ఉన్నంతసేపు అక్కడ గ్యాస్ ఉండదు. జెట్‌కు ఇవతల, అంటే బండ వైపు ఉన్నదంతా ఎల్లవేళలా గ్యాస్‌ను బంధించి ఉంచవలసిన భాగం. అక్కడ వెంట్రుక మందం సందు మిగిలినా దానిలోంచి గ్యాస్ రాత్రంతా కారుతూనే ఉంటుంది.

ఆ బంధనం ఎంత బలంగా ఉండాలో అంకెలను చూస్తే తెలుస్తుంది. ఇంటికి వచ్చే 14.2 కిలోల బండలో గ్యాస్ ద్రవరూపంలో, ఎండను బట్టి చదరపు సెంటీమీటరుకు కొన్ని కిలోల ఒత్తిడితో ఉంటుంది. రెగ్యులేటర్ దానిని సుమారు 30 గ్రాములకు తగ్గించి పొయ్యికి పంపుతుంది. ఒక లీటరు ద్రవం బయటికి వస్తే దాదాపు 250 లీటర్ల వాయువుగా వ్యాపిస్తుంది. ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమమైన ఈ వాయువు గాలి కంటే బరువైనది కనుక కిటికీలోంచి పైకి పోకుండా నేల మీద పరుచుకుని, గడప దాటి, పక్క గదిలో దేవుడి ముందు వెలుగుతున్న దీపం వరకు వెళ్ళగలదు. గాలిలో సుమారు 2 శాతం చేరితే చాలు, అంటుకోవడానికి సిద్ధంగా ఉంటుంది.

ఏ ఎంపిక చేసుకోవడానికైనా ముందు ఒక మినహాయింపు ఉంది. గ్యాస్ వాసన వస్తున్న ఇంట్లో మరమ్మతు గురించి ఆలోచించే సమయం లేదు. గ్యాస్‌కు సహజంగా వాసన ఉండదు. కారితే తెలియాలనే కుళ్ళిన క్యాబేజీని తలపించే వాసన గల ఇథైల్ మెర్కాప్టాన్‌ను అందులో కలుపుతారు. ఆ వాసన గది నిండా ఉంటే మంటలూ నూనె దీపాలూ ఆర్పి, రెగ్యులేటర్ కట్టేసి, వీలైతే దానిని తీసి బండకు దారంతో వేలాడే ప్లాస్టిక్ మూత బిగించి, తలుపులు బార్లా తెరిచి, అందరూ బయటికి రావాలి. లైటు గాని, ఎగ్జాస్ట్ ఫ్యాన్ గాని వేయకూడదు, వెలుగుతున్న దానిని ఆర్పకూడదు కూడా, ఎందుకంటే స్విచ్చి వేసినా తీసినా నిప్పురవ్వ పుడుతుంది. ఫోను కూడా ఇంటి బయటికి వచ్చిన తరువాతే వాడాలి. 1906 నంబరుకు పగలూ రాత్రీ ఎప్పుడైనా చేయవచ్చు, గ్యాస్ కారడం గురించి ఫిర్యాదు చేయడానికే ఆ నంబరు ఉన్నది.

ముందు రోగం తెలుసుకోవడం

మెకానిక్‌ను పిలవాలో అక్కర్లేదో తేల్చడానికి ఒక చిన్న పరిశీలన సరిపోతుంది. మంట ఒక్క బర్నర్‌లోనే తగ్గిందా, అన్నిటిలోనూ తగ్గిందా? ఒక్కదానిలోనే అయితే లోపం ఆ బర్నర్‌లో గాని, దాని జెట్‌లో గాని ఉంటుంది. అన్నిటిలో అయితే బండ ఖాళీ కావచ్చిందో, పైపు ఎక్కడైనా మడత పడిందో, రెగ్యులేటర్ చెడిందో అయి ఉంటుంది. కాబట్టి అన్ని మంటలూ ఒకేసారి తగ్గినప్పుడు పొయ్యిని విప్పడం వృథా శ్రమ. ఈ సందర్భంలోనే మన ఇళ్ళలో ఒక పాత అలవాటును చూస్తుంటాం. చివరి గ్యాస్ రావాలని బండను పక్కకు పడుకోబెట్టడమో, అడుగున వేడినీళ్ళ పళ్ళెం పెట్టడమో చేస్తారు. పడుకోబెట్టిన బండలో వాయువుకు బదులు ద్రవమే రెగ్యులేటర్‌లోకి వచ్చి, పొయ్యి దగ్గర ఒక్కసారిగా పెద్ద మంటగా లేస్తుంది. మిగిలిన గుప్పెడు గ్యాస్ కోసం చేయదగిన సాహసం కాదది.

మంట రంగు రెండవ సూచన. పసుపు మంట వస్తున్నదంటే గ్యాస్‌కు తగినంత గాలి అందడం లేదన్నమాట. పొంగిన పాలు, పప్పు మరకలు బర్నర్ రంధ్రాలను పూడ్చడం గాని, గొట్టంలో సాలీడు గూడు కట్టడం గాని, గాలి వెళ్ళే చోట జిడ్డు పేరుకోవడం గాని దీనికి సాధారణ కారణాలు. మంట బర్నర్ మీద నిలవక ఎగిరిపోతూ బుస్సుమంటున్నదంటే గాలి ఎక్కువైంది. మంట బర్నర్ పైన కాక లోపల జెట్ దగ్గర మండుతూ ‘టప్’ అని శబ్దం చేస్తున్నదంటే మూత సరిగా కూర్చోలేదు, లేదా అరిగి వంకరపోయింది. వెంటనే కట్టేసి, చల్లారనిచ్చి, మూతను సరిచేసి చూడాలి. రెండవసారీ అలాగే మండితే ఆ బర్నర్ మార్చవలసిందే.

మన చేతిలోని పని

బర్నర్ శుభ్రతకు మెకానిక్‌కు డబ్బు ఇవ్వనవసరం లేదని గట్టిగా చెప్పగలను. బండ దగ్గర రెగ్యులేటర్ కట్టేసి, పొయ్యి పూర్తిగా చల్లారిన తరువాత బర్నర్లు, మూతలు పైకి తీసి, వేడినీళ్ళలో కాస్త సబ్బుపొడి గాని, చింతపండు గాని వేసి నానబెట్టి, పాత పళ్ళ బ్రష్షుతో తోమితే ఇత్తడి మూతలు మళ్ళీ మెరుస్తాయి. రంధ్రాలను ఒక్కొక్కటిగా చీపురుపుల్లతో తీయవచ్చు. మేకుతో, స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి పెద్దవి చేయకూడదు. అన్నిటికంటే ముఖ్యమైనది ఆరబెట్టడం. గొట్టంలో తడి మిగిలితే మంట మళ్ళీ పసుపుగా, ఎగుడుదిగుడుగా వస్తుంది, అది చూసి జెట్ పాడైందనుకుని మరో భాగాన్ని విప్పేవారు ఉన్నారు. ఎండలో ఒక పూట ఉంచడం మేలు. పెద్ద బర్నర్‌ది పెద్ద దానికే, చిన్నదానిది చిన్నదానికే పెట్టి, మూత కదలకుండా కూర్చున్నదో లేదో వేలితో తట్టి చూడాలి.

బ్యాటరీతో వెలిగే పొయ్యి అయితే, అది వెలగనప్పుడు ముందు బ్యాటరీ మార్చి, నిప్పురవ్వ వచ్చే తెల్లని పింగాణీ మొనను పొడి గుడ్డతో తుడవాలి. చాలాసార్లు అంతకుమించి చేయవలసింది ఉండదు. రవ్వ రాకపోయినా లైటర్‌తో వెలిగించుకోవచ్చు కనుక తొందరపడి లోపలి తీగలు లాగడం అనవసరం.

ఇక జెట్. ఇది సరిహద్దు మీద ఉన్న వస్తువు, దీని గురించే ఎక్కువ తప్పులు జరుగుతాయి. మా ఇంట్లో చాలాకాలం మంట తగ్గినప్పుడల్లా గుండుసూదితో జెట్‌ను పొడిచేవారు. పొడిచినప్పుడు మంట బాగా లేచేది, దానితో అదే సరైన వైద్యమని అందరం నమ్మాం. ఆ రంధ్రం మిల్లీమీటరు కంటే తక్కువ వెడల్పు గలదని, ఇత్తడి మెత్తని లోహమని, సూది తగిలిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా పెద్దదవుతున్నదని తరువాత తెలిసింది. రంధ్రం పెద్దదైతే బయటికి వచ్చే గ్యాస్‌కు సరిపడా గాలి అందక మంట శాశ్వతంగా పసుపెక్కుతుంది, గ్యాస్ వృథా అవుతుంది, గిన్నెలు నల్లబడతాయి. చివరకు జెట్లు మార్పించాక గాని మా గిన్నెల మసి వదలలేదు. అందుచేత నా సలహా ఏమిటంటే, బర్నర్ తీసినప్పుడు జెట్ పైభాగాన్ని మెత్తని పొడి బ్రష్షుతో తుడిచి వదిలేయండి. దానివల్ల మంట బాగుపడకపోతే జెట్‌ను విప్పే పని మెకానిక్‌దే, ఎందుకంటే దానిని మళ్ళీ బిగించిన చోట గ్యాస్ కారకూడదు, పెద్ద బర్నర్ జెట్‌ను చిన్నదానికి బిగించకూడదు.

పైపు కూడా సరిహద్దు వస్తువే, కాని ఇది కొంత మన వైపుకే మొగ్గుతుంది. నారింజ రంగులో, లోపల ఉక్కు తీగ అల్లికతో వచ్చే సురక్షా పైపు ఆయుష్షు 5 సంవత్సరాలు. దాని మీదనే ఐఎస్‌ఐ గుర్తు, తయారైన సంవత్సరం ముద్రించి ఉంటాయి. పైకి ఎంత కొత్తగా కనిపించినా గడువు దాటితే మార్చాలి, పగుళ్ళు గాని, ఉబ్బు గాని, ఎలుక కొరికిన గుర్తు గాని కనిపిస్తే గడువు చూడకుండానే మార్చాలి. గ్యాస్ ఏజెన్సీలో రెండు వందల రూపాయలకు అటూ ఇటూగా దొరికే ఈ వస్తువు దగ్గర పొదుపు చేసి, బజారులో మీటరు లెక్కన కోసి ఇచ్చే మామూలు రబ్బరు గొట్టం కొనడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. మార్చడం మీరే చేయదలిస్తే బండ నుంచి రెగ్యులేటర్ తీసివేసి, ఇంట్లో ఎక్కడా మంట లేదని చూసుకుని, కొత్త పైపును రెండు చివరలా మెట్లు మెట్లుగా ఉన్న ముక్కు పూర్తిగా మునిగే వరకు తోయాలి. ఎక్కడం లేదని అగ్గిపుల్లతో చివరను కాల్చి మెత్తబరచడం పైపును మొదటి రోజే పాడుచేయడమే. చేతుల్లో అంత బలం లేనివారు, పెద్ద వయసువారు ఈ పనిని ఏజెన్సీ మెకానిక్‌కు అప్పగించడమే మంచిది, సగమే ఎక్కిన పైపు పాత పైపు కంటే ప్రమాదకరం.

పైపు మార్చినా, కొత్త బండ బిగించినా పరీక్ష ఒక్కటే. సబ్బు నీళ్ళ నురుగును ప్రతి అతుకు మీదా రాసి, రెగ్యులేటర్ తెరిచి, పొయ్యి కట్టేసి ఉంచి చూడాలి. బుడగలు లేచిన చోట గ్యాస్ కారుతున్నది. అగ్గిపుల్ల వెలిగించి చూసే అలవాటు ఇంకా కొందరిలో ఉన్నది, దయచేసి ఇంట్లో పెద్దలు అలా చేస్తుంటే ఆపండి.

మన చేయి పెట్టకూడని చోటు

నాబ్ బిగుసుకుపోవడం మామూలుగా వచ్చే ఫిర్యాదే. దాని కింద ఉండే కాక్‌లో ఒక ఇత్తడి బిరడా మరొక ఇత్తడి గూటిలో ఖచ్చితంగా ఇమిడి తిరుగుతుంది, ఆ రెంటి మధ్య వేడికి కరగని ప్రత్యేకమైన గ్రీజు పొరే గ్యాస్‌కు అడ్డుకట్ట. దీనిని విప్పి కొబ్బరినూనె గాని, సైకిలుకు వాడే గ్రీజు గాని పూస్తే ఆ రోజుకు నాబ్ వెన్నలా తిరుగుతుంది. కొన్నాళ్ళకు వేడికి ఆ నూనె ఎండి, బిరడా పక్కనుంచి గ్యాస్ నెమ్మదిగా కారడం మొదలవుతుంది. అందుకే నాబ్ పైకి లాగి కింద పేరుకున్న జిడ్డు తుడవడం వరకే మన పని. అప్పటికీ బిగువు పోకపోతే పొయ్యి తయారీ సంస్థ సర్వీసు మనిషినో, ఏజెన్సీ మెకానిక్‌నో పిలవాలి.

రెగ్యులేటర్ విషయంలో ఆలోచించవలసినదే లేదు. బండ, రెగ్యులేటర్ మనం కొన్న వస్తువులు కావు, డిపాజిట్ కట్టించుకుని చమురు కంపెనీ మనకు ఇచ్చినవి. వాటిని బాగుచేసే హక్కు మనకు లేదు, అవసరమూ లేదు. రెగ్యులేటర్ సరిగా కూర్చోకపోయినా, కారుతున్నా ఏజెన్సీకి తీసుకువెళ్ళి మార్పించుకోవాలి. బండ మూతి లోపలి రబ్బరు వాషర్ లేకపోవడమో, చిట్లిపోవడమో కారడానికి ఒక సాధారణ కారణం కనుక బండ తెచ్చే అబ్బాయి వెళ్ళకముందే సీలు తీయించి, పరీక్ష చేయించుకోవడం అలవాటు చేసుకోవాలి. వాషర్‌ను సూదితో తీసి మరొకటి దూర్చడం మనం చేయదగినది కాదు. మంట పెద్దగా రావాలని హోటళ్ళలో వాడే ఎక్కువ ఒత్తిడి రెగ్యులేటర్‌ను ఇంటి పొయ్యికి తగిలించడం అన్నిటికంటే ఘోరం, ఎందుకంటే ఇంటి పొయ్యి ఆ ఒత్తిడికి తయారైనదే కాదు.

ఎవరిని పిలవాలి

మెకానిక్ అంటే ఒక్కరు కాదు. వీధిలో ‘గ్యాస్ స్టవ్ రిపేర్’ అని కేకవేస్తూ వచ్చే మనిషి, గ్యాస్ ఏజెన్సీ పంపే మెకానిక్, పొయ్యి కంపెనీ సర్వీసు కేంద్రం అనే ముగ్గురిలో ఒకరిని ఎంచుకోవాలి. వీధి మెకానిక్ వెంటనే దొరుకుతాడు, తక్కువ అడుగుతాడు, వారిలో చేయి తిరిగిన పనివాళ్ళు నిజంగానే ఉన్నారు. కాని అతను వేసిన కాక్ ఎక్కడిదో మనకు తెలియదు, వారం తరువాత వాసన వస్తే అతన్ని వెతకలేం. కనుక స్టాండు కాలు, పళ్ళెం, బర్నర్ వంటివి అతనిచేత మార్పించుకోవచ్చు గాని, జెట్‌కు ఇవతలి పని అప్పగించవద్దంటాను. పైపు, రెగ్యులేటర్, బండకు సంబంధించినదంతా ఏజెన్సీ మెకానిక్ పని. చమురు కంపెనీల నియమాల ప్రకారం 5 సంవత్సరాలకొకసారి ఏజెన్సీ మనిషి ఇంటికి వచ్చి మొత్తం అమరికను తనిఖీ చేయాలి. అతను వచ్చినప్పుడు తిప్పి పంపకుండా, గుర్తింపు కార్డు చూసి, తనిఖీ చేయించుకోవడం మన లాభానికే. కాక్, జెట్, బ్యాటరీ తీగలు, గాజు పలక వంటివి పొయ్యి కంపెనీ సర్వీసు కేంద్రానికి వదలాలి, వారెంటీ ఉన్న పొయ్యిని మరెవరిచేతనైనా విప్పిస్తే ఆ వారెంటీ పోయే అవకాశం ఎక్కువ.

వీరిలో ఎవరు వచ్చినా పని ముగిశాక మీ కళ్ళముందు సబ్బు నీళ్ళ పరీక్ష చేయకుండా డబ్బు ఇవ్వకండి.

నగరాలలో పైపులైను ద్వారా సహజవాయువు వచ్చే ఇళ్ళకు మరొక మాట. హైదరాబాదు, విజయవాడలలో భాగ్యనగర్ గ్యాస్ ఇచ్చే ఈ వాయువు ప్రధానంగా మీథేన్, అది గాలి కంటే తేలిక, దాని ఒత్తిడి వేరు, దానికి కావలసిన జెట్ రంధ్రం బండ గ్యాస్ జెట్ కంటే పెద్దది. ఇల్లు మారి బండ నుంచి పైపులైనుకు గాని, పైపులైను నుంచి బండకు గాని మారినప్పుడు పొయ్యి జెట్లు మార్పించి తీరాలి, ఆ మార్పును గ్యాస్ సంస్థ మనిషే చేయాలి. పైపులైను జెట్లున్న పొయ్యికి బండ తగిలిస్తే గిన్నె చుట్టూ లేచే పసుపు మంటను ఆపడం కష్టం.

గ్యాస్ గీజర్ వేరే లెక్క

పొయ్యికి చెప్పిన గీటురాయి గీజర్‌కు పనికిరాదు. పొయ్యిలో తప్పు జరిగితే వాసన వస్తుంది, మసి కనిపిస్తుంది. గీజర్‌లో మంట సరిగా మండకపోతే పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. మూసిన చిన్న స్నానాలగదిలో తల తిరగడం, నిస్సత్తువ మొదలయ్యేసరికి తలుపు గడియ తీసే శక్తి కూడా ఉండకపోవచ్చు. చలికాలంలో ఇలాంటి మరణవార్తలు వింటూనే ఉన్నాం.

కాబట్టి గ్యాస్ గీజర్‌లో మీరు మార్చదగినవి బ్యాటరీలు మాత్రమే. నీటి కుళాయి తిప్పినప్పుడు నీటి ఒత్తిడికి లోపలి రబ్బరు పొర కదిలి గ్యాస్ తెరుచుకునేలా ఉండే ఈ యంత్రంలో నీరు తగ్గగానే గ్యాస్ ఆగిపోవాలి. ఆ పొరను, కవాటాన్ని ఇంట్లో విప్పి సరిచేసినవారికి అది ఆగుతున్నదో లేదో నమ్మకంగా తేల్చుకునే దారి లేదు. లోపలి మంట పసుపుగా కనిపించినా, పై పలక మీద మసి చేరినా, దాని పొగ వాసనకు కళ్ళు మండినా ఆ రోజు నుంచే వాడకం ఆపి సర్వీసు మనిషిని పిలవండి. స్నానాలగది లోపలే బిగించి ఉంటే బాగుచేయించడం కంటే ముందు దానిని గాలి ఆడే బయటి గోడకు మార్పించండి. బయట చోటు లేని ఇంటికి కరెంటు గీజర్ ఒక్కటే నేను చెప్పగలిగిన ప్రత్యామ్నాయం.

బాగుచేయించాలా, కొత్తది కొనాలా

ఒక్క బర్నర్ అరిగినా, ఒక జెట్ పాడైనా పొయ్యి మార్చనక్కరలేదు. లోపలి ఇనుప గొట్టానికి తుప్పు పట్టినా, రెండు మూడు కాక్‌లు ఒకేసారి వదులైనా, పైన గాజు పలక మీద గీత పడినా కొత్తదే కొనాలి. గీత పడిన గాజును టేపుతో అతికించి వాడుకునేవారు ఉన్నారు గాని, వేడి కుక్కర్ దించినప్పుడు అది ఎప్పుడు పగిలిపోతుందో చెప్పలేం. కంపెనీవారి దగ్గర అదే కొలత పలక దొరికితే మాత్రం మార్పించుకోవచ్చు. కొత్త పొయ్యి కొనేటప్పుడు అందం కంటే ముందు ఐఎస్‌ఐ గుర్తు చూడాలి. ఆ ప్రమాణం ప్రకారం ఇంటి పొయ్యి మంటలోని వేడిలో కనీసం 68 శాతాన్ని గిన్నెకు అందించాలి. మీ ఊళ్ళో ఆ కంపెనీకి సర్వీసు కేంద్రం ఉందో లేదో కొట్టువాడిని అడిగి ఊరుకోకుండా ఆ కేంద్రానికే ఫోను చేసి తెలుసుకోవడం మంచిది. పాత పొయ్యిని పనిమనిషికో, అద్దెకున్నవారికో ఇచ్చేసే ఆలోచన ఉంటే, మనం వాడటానికి భయపడి మార్చిన కాక్‌లతో దానిని వారి వంటింట్లో పెట్టకూడదు. పైపు తగిలే ముక్కును కోయించి పాత ఇనుపసామాను కొట్టుకు వేయండి.